షిప్‌లో వైఫైకి డబ్బులు తగలెయ్యకు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, డిసెంబర్ సెలవుల్లో మీ అత్తయ్యగార్నీ మామయ్యగార్నీ తీసుకుని టెక్సాస్‌లో గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ వెళ్తున్నారట కదా, చాలా మంచి పని. వైఫై ప్యాకేజీ అందరికీ కలిపి ఎంతవుతుందో చూసి నీకు కళ్ళు తిరిగాయట కూడా. తిరగవా మరి, షిప్‌ని బట్టి ప్లాన్‌ని బట్టి ఒక్కో ఫోన్‌కి రోజుకి 15 నుంచి 30 డాలర్ల దాకా లాగుతారు, ఏడు రాత్రులు, మీ నలుగురి ఫోన్లు, పిల్లల ఐప్యాడ్లు, లెక్కేస్తే ఇంకో మనిషి టికెట్ డబ్బులు వస్తాయి. మేం హ్యూస్టన్‌లో ఉండబట్టి, మీ బాబాయ్‌కి షిప్పుల పిచ్చి ఉండబట్టి ఈ గొడవంతా నాకు బాగా తెలుసు, కాబట్టి తొందరపడి ఏదీ కొనెయ్యకుండా ఇది మొత్తం చదువు.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్తా. జేబుకి అసలు చిల్లు పడేది వైఫై ప్లాన్ దగ్గర కాదు, ఫోన్ దగ్గర. షిప్ తీరం వదిలి కొన్ని మైళ్ళు లోపలికి వెళ్ళాక టెక్సాస్ టవర్లు అందవు, అప్పుడు షిప్ తన సొంత టవర్ ఆన్ చేస్తుంది, ఫోన్ పైన మూల నీ కంపెనీ పేరు పోయి "సెల్యులార్ ఎట్ సీ" అనో అలాంటిదే ఇంకోటో వస్తుంది, నిండుగా సిగ్నల్ చూపిస్తుంది, చూసి మురిసిపోయేవు. అది సముద్రం మీద రోమింగ్, మన అన్‌లిమిటెడ్ ప్లాన్లలో మెక్సికో ఉంటుందేమో గానీ షిప్ ఉండదు. నువ్వు ముట్టుకోకపోయినా లోపల ఫోటోల బ్యాకప్పులు, యాప్ అప్‌డేట్లు వాటి పాటికి అవి నడుస్తూనే ఉంటాయి. మాకు తెలిసినాయన ఒకాయన ఫోన్ అలాగే జేబులో పెట్టుకుని తిరిగాడు, ఇంటికొచ్చాక బిల్లు చూసి వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతోంది. అందుకని రేవు వదిలేలోపే అందరి ఫోన్లూ నీ చేతిలోకి తీసుకుని ఏరోప్లేన్ మోడ్ పెట్టి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చెయ్యి. మొహమాటపడకు, ముఖ్యంగా మీ మామయ్యగారి ఫోన్, వాళ్ళ ఇండియా సిమ్‌కి ఓటీపీల కోసం రోమింగ్ ఆన్‌లో పెట్టుకుని వస్తారు కదా పెద్దవాళ్ళు, అది షిప్ టవర్‌ని పట్టుకుందంటే ఎవరు ఫోన్ చేసినా బాదుడే. ఆయన బ్యాంకు పనులు, బిల్లులు ఏమున్నా షిప్ ఎక్కే ముందు రోజు రాత్రే కూర్చోబెట్టి చేయించు, ఏరోప్లేన్ మోడ్‌లో ఇండియా ఓటీపీ వస్తుందని నమ్ముకోవద్దు.

ఇంక వైఫై. ఇప్పుడు స్పీడ్ బానే ఉంటుందిలే, భయపడకు. ఇదివరకు 36 వేల కిలోమీటర్ల పైనున్న శాటిలైట్‌కి వెళ్ళి రావాలి కాబట్టి హలో అంటే కాసేపటికి గానీ వినపడేది కాదు, 2022లో రాయల్ కరేబియన్ అనే షిప్ కంపెనీ వాళ్ళు స్టార్‌లింక్ అనే శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టడం మొదలెట్టారు, తర్వాత ఇంకో కంపెనీ కార్నివాల్ వాళ్ళూ పెట్టారు, ఆ శాటిలైట్లు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఇప్పుడు మొహం ఆగిపోకుండా వీడియో కాల్ వస్తుంది. స్పీడ్ పెరిగింది గానీ రేటు తగ్గలేదు, అదీ సంగతి.

నా మాట విని ఒక్క డివైస్ ప్లాన్ ఒకటి కొను, చాలు. ఆ ప్లాన్ ఒక ఫోన్‌కి అతుక్కుపోయేది కాదు, నీ ఫోన్‌లో లాగౌట్ చేసి మీ అత్తయ్యగారి ఫోన్‌లో లాగిన్ అవ్వచ్చు, ఒక టైంకి ఒకటే పని చేస్తుంది, అంతే. పొద్దున్న కాసేపు అల్లుడుగారికి, మధ్యాహ్నం నీకు, రాత్రి పెద్దవాళ్ళకి. రాత్రి ఎందుకంటే డిసెంబర్‌లో మనకి రాత్రి తొమ్మిదైతే ఇండియాలో పొద్దున్న ఎనిమిదిన్నర, మీ ఆడపడుచు కాఫీ తాగుతూ తీరిగ్గా మాట్లాడుతుంది, పైగా ఆ టైంకి షిప్‌లో జనమంతా షోల దగ్గరా డిన్నర్ల దగ్గరా ఉంటారు కాబట్టి నెట్ కూడా ఖాళీగా ఉంటుంది. రేవులో ఆగని రోజు మధ్యాహ్నం మాత్రం వీడియో కాల్ పెట్టుకోకు, వేలమంది ఒకేసారి మీద పడతారు.

కొనేది మాత్రం షిప్ ఎక్కాక కాదు, ఇప్పుడే, ఇంట్లోంచే. ముందు కొంటే తక్కువ, ఎక్కాక కౌంటర్ దగ్గర కొంటే ఎక్కువ, ఇది దాదాపు అన్ని కంపెనీల్లోనూ అంతే. బ్లాక్ ఫ్రైడే వస్తోంది, అప్పుడు ఇంకా తగ్గుతుంది. రాయల్ వాళ్ళ దాంట్లో అయితే ఇవాళ కొనేసి, రేపు రేటు తగ్గితే పాతది క్యాన్సిల్ చేసి మళ్ళీ కొత్త రేటుకి కొనుక్కోవచ్చు, బయల్దేరే ముందు వాళ్ళు పెట్టిన గడువు లోపు ఎన్నిసార్లైనా, మీ బాబాయ్ అయితే షేర్లు చూసినట్టు రోజూ చూస్తారు. ట్రావెల్ ఏజెంట్ ఆన్‌బోర్డ్ క్రెడిట్ అని ఏమన్నా ఇచ్చి ఉంటే మాత్రం అది ఎలాగూ షిప్‌లోనే ఖర్చు చెయ్యాలి, అప్పుడు ఎక్కాక కొన్నా బాధ లేదు.

ప్లాన్ పేర్లు చూసి మోసపోకు. కార్నివాల్‌లో సోషల్ అని అన్నిటికంటే చవకది ఉంటుంది, వాట్సాప్ మెసేజ్‌లు, ఫేస్‌బుక్ వస్తాయి, వాట్సాప్ ఉంది కదా అని కొనేస్తాం, తీరా వీడియో కాల్ కావాలంటే ప్రీమియం కొనమంటారు. మనుషుల మొహాలు చూపించకపోతే పెద్దవాళ్ళకి అది ఇంటర్నెట్టే కాదు, కాబట్టి అక్కడ చవకదానికి వెళ్ళకు. నార్వేజియన్‌లో ప్యాకేజీతో పాటు 150 నిమిషాలు ఫ్రీ అంటారు, చూసుకుని లాగౌట్ అవ్వకపోతే ఫోన్ జేబులో ఉండగానే నిమిషాలు అయిపోతాయి. ప్రిన్సెస్ వాళ్ళ ప్లస్ ప్యాకేజీలో వైఫై కలిసే వస్తుంది గానీ దాంట్లో మందు డబ్బులు కూడా కలిపేస్తారు, మీ ఇంట్లో తాగేవాళ్ళు లేరాయె, ఎవరికోసం కడతావు.

షిప్ లోపల ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవడానికి నెట్ అక్కర్లేదు. షిప్ యాప్ గాల్వెస్టన్ దారిలోనే అందరి ఫోన్లలో దింపి పెట్టు, షిప్ వైఫైకి కనెక్ట్ అయితే చాలు, ప్లాన్ లేకపోయినా పనిచేస్తుంది, డిన్నర్ టైములు, షోలు, మ్యాపు అన్నీ ఉంటాయి, చాట్ కూడా కొన్ని షిప్పుల్లో ఫ్రీ, కొన్నిట్లో కొద్దిపాటి చార్జి, అది పెట్టుకోవచ్చు. పిల్లలకి సినిమాలు, పాటలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసెయ్యి, చేశాక ఐప్యాడ్‌ని ఇంట్లోనే ఒకసారి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆడుతుందో లేదో చూడు, కొన్ని యాప్‌లు డౌన్‌లోడ్ అయిందని చూపించి సముద్రం మధ్యలో మళ్ళీ లాగిన్ అడుగుతాయి, అప్పుడు పిల్లల ఏడుపు నువ్వే పడాలి.

రేవుల్లో మాత్రం పండగే. గాల్వెస్టన్ నుంచి వెళ్ళేవి ఎక్కువగా కొజుమెల్, కోస్టా మాయా, ప్రోగ్రెసో లాంటి మెక్సికో ఊళ్ళకే వెళ్తాయి కదా, ఏటీ అండ్ టీ, టీ మొబైల్, వెరైజన్ అన్‌లిమిటెడ్ ప్లాన్లు చాలావాటిలో మెక్సికో కలిసే ఉంటుంది, నీ ప్లాన్‌లో ఉందో లేదో, హై స్పీడ్ ఎంతిస్తారో ఇప్పుడే చూసుకో. ఉంటే ఇంకేం, షిప్ దిగి ఒడ్డు మీదకి నడిచాక ఏరోప్లేన్ మోడ్ తీసి, ఫోన్ పైన మెక్సికో కంపెనీ పేరు వచ్చిందని కళ్ళతో చూశాకే డేటా ఆన్ చేసి, నీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి అందరికీ పంచు, ఫోటోలన్నీ అక్కడే పంపించెయ్యండి. నీ ప్లాన్‌లో లేకపోతే మెక్సికో ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకి దింపుకునే సిమ్, ఒకటి ఇంట్లోనే ఫోన్‌లో వేసుకుని వెళ్ళు, అది షిప్‌లో పనిచెయ్యదు, ఒడ్డు మీదే. ప్రోగ్రెసోలో రేవు ఊరికి కిలోమీటర్ల దూరంలో సముద్రంలోకి ఉంటుంది, బస్సులో ఊళ్ళోకి వెళ్ళాలి, మామయ్యగారు దిగగానే ఫోన్ ఏదీ అని అడిగితే బస్సెక్కి ఊళ్ళోకి వచ్చాక అని చెప్పు. ఎక్కడన్నా ఫ్రీ వైఫై వెతుక్కోవాలంటే షిప్‌లో పనిచేసే పిల్లల్ని అడుగు, మనవాళ్ళే బోలెడుమంది ఉంటారు, ఏ కేఫ్‌లో నెట్ బాగుంటుందో వాళ్ళకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఆ వైఫైలో బ్యాంకు జోలికి మాత్రం వెళ్ళకండి.

ఇంకోటి, కొజుమెల్‌లో డిసెంబర్‌లో మన టెక్సాస్ కంటే గంట ముందు ఉంటుంది, అక్కడ టవర్ పట్టుకోగానే ఫోన్ టైం మారిపోతుంది. షిప్ టైం ఎంతో దిగే ముందు చూసుకుని దాన్నే పట్టుకో, మామూలు చేతి గడియారం ఒకటి ఉంటే అసలు గొడవే లేదు. తిరిగి ఎక్కేటప్పుడు మెట్ల దగ్గరే మళ్ళీ అందరివీ ఏరోప్లేన్ మోడ్, చాలామంది వెళ్ళేటప్పుడు గుర్తుంచుకుని వచ్చేటప్పుడు మర్చిపోతారు.

అల్లుడుగారు షిప్‌లోంచి ఆఫీస్ పని చేస్తానంటున్నారట. దేశం బయటినుంచి లాగిన్ అవ్వచ్చో లేదో ముందు వాళ్ళ ఆఫీస్‌లో కనుక్కోమను, ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళే కంపెనీ వీపీఎన్ షిప్ వైఫై మీద నిలుస్తుందన్న గ్యారంటీ లేదు. సెలవు పెట్టించు తల్లీ. ఆయన సంచిలో చిన్న రూటర్ లాంటివి పెట్టుకుంటానంటే వద్దను, చాలా షిప్పుల్లో రానివ్వరు, సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు.

ఎవరో ఒకరు నీకు చెప్తారు, వారం రోజులు ఫోన్ లేకుండా ఉండలేరా, ప్రశాంతంగా ఉంటుంది అని. ఇండియాలో ఎనభై ఏళ్ళ అమ్మ ఉన్నవాళ్ళకి ఆ ప్రశాంతత ఎక్కడినుంచి వస్తుంది, మీ అత్తయ్యగారికి ఆ రోజు కాల్ అవ్వకపోతే అన్నం సహించదు, ఆ ఒక్క ప్లాన్ డబ్బులు ఆవిడ కోసం అనుకుని పెట్టు.

నెట్ సరిగ్గా రాకపోతే ఊరుకోకు, ఆ రోజే గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్ళి ఏ టైంకి రాలేదో చెప్పు, మర్యాదగా అడిగితే ఎంతోకొంత వెనక్కిస్తారు, దిగిపోయాక ఈమెయిళ్ళు పెట్టుకుంటూ కూర్చుంటే తేలదు. చివరి రోజు రాత్రి అకౌంట్ బిల్లు యాప్‌లో ఒకసారి చూసుకో, పిల్లలు తెలీక ఇంకో ప్లాన్ నొక్కేసి ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ఏ కంపెనీ, ఏ షిప్పో నాకు మెసేజ్ పెట్టు, బాబాయ్ చేత ఇవాళే రేటు చూపిస్తా.

మీ పిన్ని