అంకెలున్నంత మాత్రాన సంఖ్య కాదు

గుంటూరు

తమ్ముడూ,

పిన్‌కోడ్ లాంటి కోడ్‌లు దాచే డేటాబేస్ ఫీల్డుల మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. "అన్నీ అంకెలే అయితే ఇంట్ (పూర్ణసంఖ్య రకం), అక్షరాలు కలిస్తే వర్‌చార్ (టెక్స్ట్ రకం)" అన్న వాక్యం తీసెయ్. అడగాల్సింది వేరే: ఈ ఫీల్డును ఎప్పుడైనా కూడతామా, సగటు తీస్తామా? మార్కెట్ యార్డుకొచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కూడతాం, క్వింటా ధర సగటు తీస్తాం. జీఎస్‌టీ బిల్లులో సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌ను వెతుకుతాం, సరిపోల్చుకుంటాం, అంతే. అంకెలతో రాసినా అది టెక్స్టే.

నువ్వు పిన్‌కోడ్ ఉదాహరణ తీసుకున్నావు కాబట్టే తప్పు బయటపడలేదు. మన దేశంలో పిన్ సున్నాతో మొదలవదు. బదులు మన మిర్చినే తీసుకో. దాని హెచ్‌ఎస్‌ఎన్ 0904. దంచని ఎండుమిర్చి 090421, కారప్పొడి 090422. ఇంట్‌లో వేయగానే ముందు సున్నా ఎగిరిపోయి 90421 మిగులుతుంది. ఇన్‌వాయిస్‌లో ఒక అంకె తగ్గితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. కానీ మొదటి రెండంకెలతో సరుకు ఏ అధ్యాయంలోదో (ఏ పెద్ద వర్గంలోదో) తేల్చే రిపోర్టు ఉందనుకో, అది 09 బదులు 90 చదువుతుంది. 09లో ఉండేవి కాఫీ, టీ, మసాలా దినుసులు. 90లో కళ్లజోళ్లు, కెమెరాలు, వైద్య పరికరాలు. ఏ ఎర్రరూ రాదు. మిర్చి వెళ్లి కళ్లజోళ్ల పద్దులో కూర్చుంటుంది.

పాడైన డేటాను బాగుచేయడమూ రాయి, చదివేవాళ్లకు అసలు అవసరం అదే. మనం వాడే హెచ్‌ఎస్‌ఎన్‌లు 4, 6, 8 అంకెలవి కాబట్టి నిడివి బేసిగా ఉంటే సున్నా పోయినట్టు. వాటికి మాత్రమే ముందు ఒక సున్నా చేర్చాలి. అన్నిటినీ 8 అంకెలకు నింపితే 0904 కాస్తా 00000904 అయి కూర్చుంటుంది. కోల్డ్ స్టోరేజీ సొంతంగా వేసుకున్న లాట్ కోడ్‌లకు ఈ ఉపాయం పారదు. 07, 007 రెండూ 7 అయిపోయాక ఏది ఏదో చెప్పాల్సింది పాత రసీదు పుస్తకమే.

ఇంట్‌తో చోటు కలిసొస్తుందన్నావు. ఇంట్ 4 బైట్లు, ఆరంకెల వర్‌చార్ సుమారు 7. లక్ష వరసలకు తేడా 3 లక్షల బైట్లు. ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో అంతకంటే పెద్దది! పైగా పదంకెల మొబైల్ నంబర్ మామూలు ఇంట్‌లో పట్టనే పట్టదు, దాని హద్దు 2147483647.

చార్, వర్‌చార్ తగువు రెండు వాక్యాల్లో ముగించు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చార్ (నిర్ణీత నిడివి టెక్స్ట్) వల్ల వేగం పెరగదు, నిడివి తగ్గినచోట ఖాళీలు నిండుతాయి. వర్‌చార్ పెట్టి, చెక్ నిబంధన (తప్పు విలువను చేరనివ్వని షరతు) రాస్తే చాలు: జీఎస్‌టీ నంబర్ 15 స్థానాలు, బ్యాంకు శాఖ కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీ 11, ఈ ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడే జనం సున్నా బదులు ఇంగ్లిష్ 'O' అక్షరం కొడతారు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో 8.0.16కు ముందు వెర్షన్లు చెక్ రాసినా పట్టించుకోవు, అది చెప్పడం మరిచిపోకు.

కాలమ్ టెక్స్ట్ అయినా క్వెరీలో కొటేషన్ లేకుండా 904 అని రాస్తే మైఎస్‌క్యూఎల్ ప్రతి విలువనూ సంఖ్యగా మార్చి పోలుస్తుంది, త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ ఉన్నా వాడదు. సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలును) ఎక్సెల్‌లో నేరుగా తెరిచి సేవ్ చేస్తే సున్నాలు అక్కడే పోతాయి; ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి.

బండి నంబర్ నుంచి జిల్లా రాబట్టే నీ చివరి ఉదాహరణ కూడా మార్చు. ఏపీ 07 అంటే గుంటూరు అన్న లెక్క 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక చెల్లదు. జిల్లా కావాలంటే దానికి వేరే కాలమ్ పెట్టమను.

మార్చాక మళ్లీ పంపు.

మీ అన్న