హాస్టల్ రూమ్‌లో నీకంటూ ఒక టూల్ కిట్

అమ్మలూ, హాస్టల్‌కి టూల్ కిట్ ఏది కొనాలని అడిగావు కదా, తప్పకుండా ఒకటి పెట్టుకో, కానీ షాపులో కనపడే ఆ వంద ముక్కల పెద్ద పెట్టె మాత్రం వద్దు. అందులో సగం నువ్వు ఎప్పటికీ ముట్టుకోవు, పైగా చవకరకం అయితే రెండు స్క్రూలు గట్టిగా తిప్పేసరికి స్క్రూడ్రైవర్ మొన అరిగిపోతుంది. ముందు రూమ్‌లో చేరు, ఒక వారం ఉండు, మంచం కింద కుర్చీ కింద ఫోన్ లైటు వేసి ఏ స్క్రూలు ఏ బోల్టులు ఉన్నాయో చూసుకుని అప్పుడు వాటికి సరిపోయేవే కొను.

ఎక్కువగా తగిలేది ప్లస్ ఆకారం గాడి ఉండే స్టార్ స్క్రూలే. ఫర్నిచర్‌కి చాలావరకు పీహెచ్ 2 సైజు (పీహెచ్ అంటే ఈ ప్లస్ మొన రకం, పక్కన అంకె దాని సైజు) సరిపోతుంది, ల్యాప్‌టాప్ కింద ఉండే చిన్నవాటికి పీహెచ్ 0 లాంటివి కావాలి, కాబట్టి బిట్లు, అంటే మొనలు, మార్చుకునే స్క్రూడ్రైవర్ హ్యాండిల్ ఒకటి మంచిది కొంటే చాలు. సైజు గురించి ఎందుకింత చెప్తున్నానంటే, చిన్న మొన పెట్టి తిప్పితే గాడిలో జారి స్క్రూ తల అరిగిపోతుంది, అలా అరిగాక దాన్ని తీయడం పెద్ద తలనొప్పి. మొన పూర్తిగా కూర్చుందో లేదో చూసుకో, తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువ పెట్టు. అప్పటికే కాస్త అరిగి ఉంటే వెడల్పాటి రబ్బరు బ్యాండు ముక్క మొనకీ స్క్రూకీ మధ్యలో పెట్టి తిప్పి చూడు, ఒక్కోసారి పట్టు దొరుకుతుంది.

కుర్చీలకి మంచాలకి ఆరు పలకల గుంట ఉండే బోల్టులు వస్తాయి, వాటికి 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు పెట్టుకో. కుర్చీ ఊగుతుంటే అందరూ ఊగే బోల్టు ఒక్కటే బలంగా బిగించేస్తారు, అలా చేస్తే ఇంకో మూల లేస్తుంది, అందుకని అన్నీ కొంచెం వదులు చేసి, కుర్చీని సమంగా నిలబెట్టి, ఎదురెదురు మూలలవి కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించుకుంటూ రా. చెక్కలో రంధ్రం పెద్దదై స్క్రూ ఊరికే తిరుగుతుంటే రెండు అగ్గిపుల్లలు (తలలు తీసేసి) జిగురు రాసి లోపల దూర్చి, ఆరాక స్క్రూ ఎక్కించు.

ఇవి కాక ఒక ప్లయర్, చిన్న అడ్జస్టబుల్ స్పానర్, 3 మీటర్ల కొలత టేపు, కేబుల్ టైలు (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు). ఇంతే. సుత్తి అక్కర్లేదు, గోడకి మేకు కొడితే డిపాజిట్‌లో కోస్తారు. కొన్ని హాస్టళ్ళలో కట్టర్ లాంటి బ్లేడు ఉన్నవి ఉంచుకోనివ్వరు, రూల్స్ చదివాకే కొను.

కరెంటు సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా, వినాలి. స్విచ్‌బోర్డు, ఫ్యాను, గోడలో వైరు ఏదీ నువ్వు విప్పొద్దు, టెస్టర్ చేతిలో ఉన్నా సరే. ప్లగ్గు పెట్టినచోట వేడెక్కుతున్నా, కాలిన వాసన వస్తున్నా అది వాడడం ఆపేసి వార్డెన్‌కి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వు. తెగిన చార్జర్ వైరుకి టేపు చుట్టి వాడుకోవడం కూడా వద్దు తల్లీ, కొత్తది కొనుక్కో.

ఇంకొకటి, నీ దగ్గర కిట్ ఉందని తెలిశాక ఫ్లోర్ మొత్తం నీ తలుపే కొడతారు. ఇవ్వు, కాదనకు, కానీ ప్రతి దానికీ గోళ్ళరంగుతో ఒకే గుర్తు పెట్టు, ఎవరికి ఏది ఇచ్చావో పెట్టె మూత లోపల కాగితం అంటించి రాసుకో. వీలైతే వస్తువు ఇచ్చి పంపే బదులు నువ్వే వెళ్ళి పని చేసిపెట్టు, అలెన్ కీలు ఒక్కసారి చేయి మారితే మళ్ళీ దొరకవు.

సెలవులకి విమానంలో వస్తే కిట్ చేతి బ్యాగులో కాకుండా చెక్-ఇన్ బ్యాగులో పెట్టు. రూమ్‌లో చేరాక ఆ మంచం బోల్టుల ఫోటో పక్కన స్కేలు పెట్టి తీసి పంపు, సైజు నేను చెప్తాను.