ఏడో వారంలో వేవిళ్ళు: ఎంతవరకు ఓర్చుకోవచ్చు?

ఏడో వారంలో పళ్ళు తోముకోబోతేనే వాంతి అవుతోందని, ఐరన్ మాత్ర నిలవడం లేదని, ఇంట్లో అందరూ "వేవిళ్ళు ఎవరికి లేవు, ఓర్చుకో" అంటున్నారని మీరు రాశారు. నాలుగేళ్ళ క్రితం కడప ఎండల్లో నేను విన్న మాట కూడా అదే.

నాకు వికారాన్ని పెంచింది తిండి కాదు, ఖాళీ కడుపు. వాంతి అవుతుందన్న భయంతో పదింటి దాకా ఏమీ ముట్టకపోయేదాన్ని. అప్పటికి పసరు వాంతులు పట్టుకునేవి. అది చూసి మా అమ్మ రాత్రే తలగడ పక్కన చిన్న స్టీలు డబ్బాలో బొరుగులు, పుట్నాలు కలిపి పెట్టసాగింది. మెలకువ రాగానే, మంచం దిగకముందే పిడికెడు నమిలి, పావుగంట అలాగే పడుకుని లేచేదాన్ని. పళ్ళు తోముకోవడం ఆ తర్వాతే. పగలంతా రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా తిని, నీళ్ళు భోజనంతో కాకుండా మధ్యమధ్యలో గుక్కెడు చొప్పున తాగేదాన్ని. వేడి సంగటి వాసనే పడేది కాదు గానీ, అదే చల్లారాక మజ్జిగలో పిసుక్కుంటే హాయిగా దిగేది. తిరగమాత వేసే వేళకు మిద్దె ఎక్కేసేదాన్ని. అల్లం కొందరికి మేలు చేస్తుంది, నాకు మాత్రం గొంతు మంటే మిగిలింది.

ఐరన్ మాత్రను డాక్టరు గారు నాలుగో నెల దాకా ఆపి, ఫోలిక్ యాసిడ్ కొనసాగించమన్నారు. మీరు సొంతంగా ఆపకుండా అడిగి చూడండి. వికారం తగ్గడానికి రాత్రి పడుకునే ముందు వేసుకోమని డాక్సిలమైన్, బి6 విటమిన్ కలిసిన మాత్ర కూడా రాశారు. దానితో కాస్త మగతగా ఉండేది గానీ ఉదయాలు తేలికపడ్డాయి. గర్భిణికి మందులేమిటని మా అత్తగారు బెంగపడ్డారు. దశాబ్దాలుగా ఇస్తున్న మందేనని డాక్టరు గారే ఆవిడకు నచ్చజెప్పారు.

నేను చేసిన తప్పు, ఆ మాత్ర కోసం వెళ్ళడానికి ముందు అతిగా ఓర్చుకోవడం. తొమ్మిదో వారంలో రెండు రోజులు మంచినీళ్ళు కూడా నిలవలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కసారే, టీ డికాషన్ రంగులో మూత్రం వచ్చింది. 52 కిలోల బరువు 48కి దిగింది. మూత్ర పరీక్షలో కీటోన్లు (తిండి అందక ఒంట్లో కొవ్వు కరుగుతున్నప్పుడు కనబడే పదార్థాలు) కనబడి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. గర్భానికి ముందున్న బరువులో 5 శాతం తగ్గినా, మూత్రం చిక్కబడినా, లేస్తే కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి రావలసిందేనని అప్పుడు చెప్పారు. మీరు ఈ రోజే బరువు చూసుకుని రాసి పెట్టుకోండి.

నాకు పదిహేనో వారంలో గాని తెరిపి రాలేదు. ఒక ఉదయం డబ్బా మూత తీయకుండానే వెళ్ళి పళ్ళు తోముకున్నాను.