రీడింగ్ హాల్లో కడుపు గుడగుడమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్నాను. సీటు దొరకాలని పొద్దున్నే ఏడింటికల్లా చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లిపోతాను. పదిన్నర దాటిందంటే చాలు, కడుపులో గుడగుడ మొదలవుతుంది, పక్కన చదువుకునేవాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా. కడుపు ఖాళీగా ఉంటే చప్పుడు రాదని టిఫిన్ మానేసి టీ ఒక్కటే తాగుతున్నాను, ఆకలి తెలియకుండా షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ నములుతున్నాను. మెడికల్ షాపులో అడిగి గ్యాస్ టాబ్లెట్లు కూడా వాడాను. తగ్గకపోగా పెరిగింది. పరీక్ష హాల్లో కూడా ఇలాగే అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఇది ఏదైనా జబ్బా?

జవాబు: ముందు రేపటి నుంచి టిఫిన్ తినడం మొదలుపెట్టండి, మిగతా సంగతి తర్వాత. మీరు మందు అనుకుని చేస్తున్న పనే చప్పుడుని పెంచుతోంది.

నల్లా వచ్చే ముందు పైపులో నీళ్లూ గాలీ కలిసి గరగరమంటాయి కదా, నీళ్లు నిండుగా వస్తే ఆ మోత తగ్గిపోతుంది. కడుపులోనూ దాదాపు అంతే. జీర్ణాశయం, పేగుల గోడల్లో ఉండే కండరాలు ఎప్పుడూ పిండుతూ లోపలి వాటిని ముందుకు తోస్తుంటాయి, అప్పుడు ద్రవం మధ్యలో చిక్కుకున్న గాలి చేసే శబ్దం అది. తిండి ఉంటే శబ్దం అణిగిపోతుంది, ఖాళీగా ఉంటే బయటికి మోగుతుంది. పైగా తిన్నది అరిగిపోయాక సుమారు 90 నుంచి 120 నిమిషాలకోసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక బలమైన అల నడుస్తుంది. మిగిలిపోయిన తునకల్నీ, సూక్ష్మక్రిముల్నీ కిందికి ఊడ్చేయడం దాని పని. పేగులు అరుస్తున్నాయి అని మన పెద్దవాళ్లు అనేది దీన్నే. ఏదైనా తినగానే ఆ ఊడ్పు ఆగిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి తిని మధ్యాహ్నం దాకా టీ మీదే ఉంటే పొద్దుటి పూట ఎన్నిసార్లు ఆ అల వస్తుందో మీరే లెక్క వేసుకోండి. జబ్బు లేని మనిషి కడుపు మీద స్టెతస్కోప్ పెట్టినా నిమిషానికి 5 నుంచి 30 దాకా శబ్దాలు వినిపిస్తాయి, అసలు ఏమీ వినిపించకపోతేనే డాక్టర్లు కంగారు పడతారు.

ఇక చూయింగ్ గమ్. నమిలినంతసేపూ గాలి మింగుతుంటారు, అది ఒకటి. షుగర్‌ఫ్రీ వాటిలో తీపి కోసం వేసే సార్బిటాల్ లాంటివి పేగుల్లో సరిగా ఇంకవు, పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ఇది పూర్తిగా మానేయండి. టీలో పాలు కూడా కొందరికి పడవు, మన దక్షిణాదిలో పెద్దయ్యాక పాలలోని చక్కెరను అరిగించుకోలేనివాళ్లు చాలామందే ఉన్నారు. ఓ పది రోజులు పాల టీ ఆపి చూడండి, తేడా ఉంటే మీకే తెలుస్తుంది. పెరుగు సాధారణంగా ఇంత ఇబ్బంది పెట్టదు కాబట్టి దాన్ని మానక్కర్లేదు.

మెడికల్ షాపుల్లో గ్యాస్ టాబ్లెట్ అని ఇచ్చేది చాలాసార్లు యాసిడ్ తగ్గించే మందు. మీ చప్పుడు యాసిడ్ వల్ల వచ్చేది కాదు, అందుకే అది పని చేయలేదు. డాక్టర్ రాయకుండా దాన్ని రోజూ మింగుతూ పోవద్దు.

హాస్టల్లో టిఫిన్ పెట్టకముందే బయల్దేరాల్సి వస్తుందని అర్థమైంది. రెండు అరటిపండ్లు, గుప్పెడు పల్లీలు గదిలో పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు, లేదంటే దారిలో నాలుగు ఇడ్లీలు తినండి, కానీ నిలబడి గబగబా మింగకుండా కూర్చుని నమిలి తినాలి, గాలి ఎక్కువ పోయేది అక్కడే. పదింటికి ఒకసారి లేచి బయటికి వచ్చి ఇంకేదైనా కాస్త తినండి, ఐదు నిమిషాలకు సీటు ఎక్కడికీ పోదు, పుస్తకం పెట్టి రండి. నీళ్లు కూడా బాటిల్ మొత్తం ఒకేసారి ఎత్తి గటగటా తాగకుండా కొంచెం కొంచెంగా తాగాలి. ముందురోజు రాత్రి రాజ్మా, శనగలు, ఉల్లిపాయ ఎక్కువ తింటే మర్నాడు గ్యాస్ ఉంటుంది, సోడాలు కూడా అంతే. ఇవి జన్మలో తినొద్దని అనను, పరీక్షకు ముందు రోజు మాత్రం వద్దు.

టెన్షన్ సంగతి కూడా చెప్పాలి. మెదడుకీ పేగులకీ నరాలతో నేరుగా సంబంధం ఉంది, భయపడితే పేగుల కదలిక మారుతుంది, చప్పుడు వస్తుందేమో అని కడుపు మీదే ధ్యాస పెడితే చిన్న శబ్దం కూడా పెద్దగా వినిపిస్తుంది. మీ చెవికి మోగినంతగా పక్కవాళ్లకు మోగదు. వాళ్లలోనూ టీ మీద నెట్టుకొచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

మీరు రాసిన దాన్నిబట్టి జబ్బులా అనిపించడం లేదు. కానీ కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, నల్లగా వస్తున్నా, జ్వరం ఉన్నా, విరేచనాల కోసం నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. కడుపు డోలులా ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో వాంతులవుతూ, గ్యాస్ గానీ మలం గానీ బయటికి రాకపోతే అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

పరీక్ష రోజు కొత్త ప్రయోగాలు వద్దు. రోజూ అలవాటైన ఇడ్లీ లాంటిదే గంటన్నర ముందు తినండి. హాల్లో మోగితే రెండు గుక్కలు నీళ్లు తాగి, పొట్ట నిండా నెమ్మదిగా గాలి పీల్చి వదిలి, తర్వాతి ప్రశ్న చదవండి.