వాలే వైట్ వైన్‌కు తగిన వంటకాలు

ప్రశ్న: మేము స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉంటున్నాము. మావారి సహోద్యోగి ఒకరు ఈ దేశంలోనే ఉన్న వాలే ప్రాంతపు వైట్ వైన్ సీసా బహుమతిగా ఇచ్చారు. షసలా, పెటీట్ ఆర్విన్, హైడా అనే మూడు రకాల ద్రాక్షలు కలిపి చేశారని దానిమీద ఉంది. ఆయన కుటుంబాన్ని భోజనానికి పిలిచాము. దీనితో ఏమి వడ్డిస్తే బాగుంటుంది? మన వంటలు పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: స్విట్జర్లాండ్ వైన్‌లో అతి స్వల్ప భాగమే దేశం దాటి వెళుతుంది కనుక, అక్కడ ఉన్నవారికే సులభంగా దొరికే మంచి సీసా మీ చేతికి వచ్చింది. అందులోని మూడు ద్రాక్షలవి మూడు స్వభావాలు. వాలేలో ఫాండాన్ పేరుతో అమ్మే షసలా వైన్‌లో పులుపు తక్కువ, పరిమళం సున్నితం. అది పక్కనున్న వంటకాన్ని కప్పివేయదు. పెటీట్ ఆర్విన్ వాలేకే చెందిన పాత రకం. పంపరపనసను తలపించే వాసన, గట్టి పులుపు, మింగిన తరువాత నాలుకమీద సన్నగా నిలిచే ఉప్పదనం దాని గుర్తులు. విస్పర్‌టెర్మినెన్ గ్రామంలో సుమారు 1,100 మీటర్ల ఎత్తు వరకు పండే హైడా, వైన్‌కు నిండుదనాన్ని ఇస్తుంది.

ఈ పులుపుకూ ఉప్పదనానికీ అన్నిటికన్నా బాగా అమరేది కొవ్వు గల చీజ్. అందుకే నా మొదటి ఎంపిక, అదే వాలేకు చెందిన రాక్లెట్. చీజ్‌ను వేడికి కరిగించి, కరిగిన పొరను ఉడికించిన బంగాళాదుంపల మీదికి గీకి, పక్కన చిన్న దోసకాయల ఊరగాయ పెడతారు. ఆ ఊరగాయలోని వెనిగర్ వైన్ రుచిని దెబ్బతీస్తుంది కనుక కొద్దిగానే వడ్డించండి. కరిగిన చీజ్‌లో రొట్టె ముక్కలు ముంచుకు తినే ఫాండ్యూ చేసినా బాగుంటుంది. వెల్లుల్లి రుద్దిన పాత్రలో చీజ్‌ను కరిగించేటప్పుడు పోసే వైన్‌లోని ఆమ్లమే అది ముద్దకట్టకుండా చూస్తుంది. అయితే వంటలోకి మామూలు ఫాండాన్ చాలు, ఈ సీసాను తాగడానికే ఉంచండి. మద్యం తీసుకోని వారికి ఫాండ్యూతో వేడి బ్లాక్ టీ ఇవ్వడం అక్కడి ఆనవాయితీయే. చీజ్ వద్దనుకుంటే, వెన్నలో వేయించి నిమ్మరసం పిండిన పెర్చ్ చేప ముక్కలు చక్కగా సరిపోతాయి.

ఇక మన వంటల విషయం. ఎండుమిరప కారాన్ని ఆల్కహాల్ మరింత మండిస్తుంది. చింతపండు పులుపు ముందు ఈ వైన్ చప్పబడిపోతుంది. కాబట్టి చేపల పులుసునూ గోంగూరనూ ఈ పూటకు పక్కన పెట్టడమే మేలు. మిరియాలు, ఉప్పు, నిమ్మరసం మాత్రమే పట్టించి వేయించిన చేప, కొబ్బరిపాలతో పలుచగా వండిన రొయ్యలు, నేతిలో వేయించి ఉప్పు చల్లిన జీడిపప్పు, పచ్చిమిర్చి వేయని పెసర పునుగులు నిశ్చింతగా పెట్టవచ్చు.

కొంత కారం తప్పదనుకుంటే, ఆ వంటకానికి వేరే సీసా తెచ్చుకోండి. వాలేలోనే వేత్రో గ్రామంలో పండే ఆమీన్ ద్రాక్ష వైన్‌లో తరచు కాస్త తీపి మిగిలి ఉంటుంది. ఆ తీపి ఎంతో లేబుల్ మీద ఒకటి నుండి మూడు తేనెటీగల బొమ్మలతో సూచిస్తారు. రెండు తేనెటీగలున్నది కారానికి సరిపోతుంది. మీ దగ్గరున్న సీసాను మాత్రం 10 నుండి 12 డిగ్రీల చల్లదనంలో వడ్డించండి. అంతకన్నా చల్లబరిస్తే పెటీట్ ఆర్విన్ పరిమళం అణగిపోతుంది.