ఎప్పటికప్పుడా, అప్పటికప్పుడా?

సందేహం: ఆడియో స్ట్రీమింగ్ ప్రోగ్రాములు రాయడం గురించి ఇంజినీరింగ్ విద్యార్థులకు తెలుగులో పాఠం తయారు చేస్తున్నాను. ‘నిజ సమయంలో ఆడియో ప్రవాహం స్వీకరించబడి, డీకోడ్ చేయబడి, హ్యాండ్లర్ ద్వారా వినిపించబడుతుంది’ అని రాశాను. ‘రియల్ టైమ్’కు ‘నిజ సమయం’ కృతకంగా ఉంది, ‘అప్పటికప్పుడు’ అనమని ఒక మిత్రుడు, ‘ఎప్పటికప్పుడు’ అనమని మరొకరు సలహా ఇచ్చారు. ‘ప్రత్యక్ష ప్రసారం’ అంటే సరిపోదా?

సమాధానం: ‘నిజ సమయం’ కృతకమే. పైగా కాలాన్ని చెప్పే మాటల పక్కన ‘నిజ’కు మనకు వేరే అర్థం ఇప్పటికే స్థిరపడింది. 2023లో అధిక శ్రావణం వెళ్లాక నిజ శ్రావణం వచ్చింది. పంచాంగం తెలిసినవారు ‘నిజ సమయం’ చూసి ‘మరి అధిక సమయం ఎప్పుడు?’ అని అడిగితే వారిని తప్పుపట్టలేం.

ఇక మిగిలిన రెండూ. అప్పటికి+అప్పుడు, ఎప్పటికి+అప్పుడు. రెండింటిలోనూ ఇత్వ సంధే కాబట్టి వ్యాకరణం తేల్చేదేమీ లేదు, వాడుకను అడగాలి. చుట్టం చెప్పకుండా వస్తే అప్పటికప్పుడు ఉప్మా చేసి పెడతాం. అంట్లు మాత్రం ఎప్పటికప్పుడు తోముకుంటాం. మొదటిది ముందస్తు ఏర్పాటు లేకుండా ఆ ఒక్కసారికి జరిగే పని. రెండోది వచ్చింది వచ్చినట్లు, పోగుపడనివ్వకుండా, మళ్లీ మళ్లీ జరిగే పని.

మీ ప్రోగ్రాము చేసేది రెండో పని. ఇంటర్నెట్ కాల్స్‌లో సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్‌గా కట్టి పంపుతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన విలువల) చొప్పున ఒక్కో ప్యాకెట్‌లో 960 శాంపిళ్లు. ఇవి ఆగకుండా వస్తూనే ఉంటాయి, ఒకదాని పని ముగిసేలోగా మరొకటి వచ్చి కూర్చోకూడదు. కనుక ‘ఎప్పటికప్పుడు’. అదే ప్రోగ్రాములో మ్యూట్ బటన్ నొక్కారనుకోండి, మైకు అప్పటికప్పుడు ఆగాలి. అక్కడ మీ మొదటి మిత్రుడి మాట చక్కగా కుదురుతుంది. ‘అప్పుడప్పుడు’ అని మాత్రం చేయి జారకండి. అలా పనిచేసే హ్యాండ్లర్‌ను, అంటే పిలిచినప్పుడల్లా శబ్దాన్ని అందించాల్సిన ప్రోగ్రాము భాగాన్ని, ఎవరూ కోరుకోరు.

అయితే మీ వాక్యంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మీరు అడగని విషయం: వరుసగా మూడు ‘బడు’లు. తెలుగులో కర్మణి వాక్యం ఎలాగూ బరువుగానే ఉంటుంది. ఇక్కడ దానివల్ల పాఠమే తప్పుదారి పడుతోంది. స్వీకరించేదెవరు? డీకోడ్ చేసేదెవరు? విద్యార్థి మూడు పనులనూ హ్యాండ్లర్‌కే అంటగట్టి, అలాగే ప్రోగ్రాము రాస్తాడు. బ్రౌజర్‌లో శబ్దం పని చూసే ఆడియో వర్క్‌లెట్ అనే ఏర్పాటు సాధారణంగా ఒక్కో పిలుపులో హ్యాండ్లర్‌ను 128 శాంపిళ్లు అడుగుతుంది. 48,000 లెక్కన అది 2.7 మిల్లీసెకన్లు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలో హ్యాండ్లర్ ఫైలు కోసమో, నెట్‌వర్క్ కోసమో, మరో థ్రెడ్ (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) పట్టుకున్న తాళం (లాక్) కోసమో ఎదురుచూస్తే శబ్దం టక్కున తెగుతుంది. ఎవరి పని ఎవరిదో చెప్పడమే ఈ పాఠంలో ముఖ్యం. ‘బడు’ సరిగ్గా దాన్నే దాచేస్తోంది.

ఇలా రాసి చూడండి: ‘నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్లను ఒక థ్రెడ్ ఎప్పటికప్పుడు అందుకుని, డీకోడ్ చేసి బఫర్‌లో వేస్తుంది. హ్యాండ్లర్ తనను పిలిచినప్పుడల్లా అందులోంచి 128 శాంపిళ్లు తీసి ఇస్తుంది, అంతే.’ కర్తలు వచ్చేసరికి ‘ప్రవాహం’ అవసరం కూడా తీరిపోయింది. హ్యాండ్లర్‌ను, శాంపిళ్లను కాసేపు దాచి ఉంచే బఫర్‌ను అలాగే ఉంచాను. వాటికి కొత్త పదాలు పుట్టించే పని ఈ పాఠానికి వద్దు.

‘ప్రత్యక్ష ప్రసారం’ మంచి మాటే గానీ ఇక్కడిది కాదు. అది రేడియో, టీవీల నుంచి వచ్చి లైవ్‌కు స్థిరపడింది. ఫోనులో చూసే క్రికెట్ కొన్ని సెకన్లు వెనకబడినా ప్రత్యక్ష ప్రసారమే. పక్కింట్లో కేకలు వినిపించాక మన ఫోనులో వికెట్ పడటం అందరికీ అలవాటే. సంభాషణకు అంత ఆలస్యం పనికిరాదు. ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోవడం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. మీ పాఠంలో రెండు రకాలూ వస్తే ఒకదానికి ‘ప్రత్యక్ష ప్రసారం’, రెండోదానికి ‘సంభాషణ’ అని విడదీసి చెప్పండి.

‘బఫర్ అవుతోంది’ అనే వాడుకతోనూ కాస్త జాగ్రత్త. ఫోను చూసేవారికి దాని అర్థం ‘ఆగిపోయింది’ అని. మీ పాఠంలో బఫర్ ఉన్నదే ఆగకుండా ఉండటానికి. ‘బఫర్ నిండుతోంది’, ‘బఫర్ ఖాళీ అయింది’ అని ఏది జరిగిందో విడిగా రాయండి.