పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు: ఆపరేషన్ తర్వాత లింఫు గ్రంథుల లెక్క

ప్రశ్న: మా నాన్నగారికి జీర్ణాశయ క్యాన్సర్. ముందు కీమో ఇవ్వకుండా నేరుగా ఆపరేషన్ చేశారు. బయాప్సీ రిపోర్టులో లింఫు గ్రంథులు ‘0/9’ అని ఉంది. అంటే గ్రంథులకు పాకలేదనే కదా? అయినా డాక్టరు గారు కీమో అంటున్నారెందుకు?

జవాబు: పైనున్న సున్నా ఎంత ముఖ్యమో కిందున్న 9 కూడా అంతే ముఖ్యం. పైది క్యాన్సర్ కనిపించిన గ్రంథుల సంఖ్య, కిందది వెతికి పరీక్షించినవాటి మొత్తం. జీర్ణాశయ క్యాన్సర్ దశను నమ్మకంగా తేల్చాలంటే కనీసం 16 గ్రంథులు చూడాలి, 30 దాకా చూస్తే మరీ మంచిది అని టీఎన్ఎం వర్గీకరణ (క్యాన్సర్ దశలు తేల్చే పద్ధతి) 8వ కూర్పు చెబుతోంది. అన్నవాహిక క్యాన్సర్‌కు నేరుగా ఆపరేషన్ చేస్తే కనీసం 15 అనేది ఎక్కువమంది పాటించే హద్దు.

జీర్ణాశయంలో ‘ఎన్’ దశ, అంటే జబ్బు గ్రంథులకు ఎంత పాకిందో చెప్పే దశ, పూర్తిగా ఈ లెక్క మీదే నడుస్తుంది. 1–2 గ్రంథుల్లో క్యాన్సర్ ఉంటే ఎన్1, 3–6 అయితే ఎన్2, 7–15 అయితే ఎన్3ఎ, 16 ఆపైన ఎన్3బి. తొమ్మిదే చూసినప్పుడు, జబ్బు ఎంత పాకి ఉన్నా రిపోర్టులో ఎన్3బి రాదు. అందుకే మీ నాన్నగారి రిపోర్టును ‘చూసిన తొమ్మిదింటిలో కనిపించలేదు’ అని చదువుకోవాలి. తక్కువ చూసినా అన్నీ శుభ్రంగా ఉంటే నియమం ప్రకారం పీఎన్0 (పరీక్షించిన గ్రంథుల్లో క్యాన్సర్ లేదు) అనే రాస్తారు. 0/9కీ 0/32కీ పేరు ఒకటే, భరోసా మాత్రం ఒకటి కాదు. కీమో మాట రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మీరు చేయదగ్గవి రెండున్నాయి. ఆపరేషన్ నోట్‌లో డి1 అని ఉందో డి2 అని ఉందో చూడండి. డి1లో ప్రధానంగా జీర్ణాశయాన్ని అంటుకుని ఉన్న గ్రంథులు తీస్తారు. డి2లో కాలేయానికీ ప్లీహానికీ వెళ్లే రక్తనాళాల వెంట ఉన్నవి కూడా తీస్తారు. డి2 జరగకపోతే తర్వాతి చికిత్సలో రేడియేషన్ ప్రస్తావన కూడా రావచ్చు. రెండోది, మిగిలిన కొవ్వులో మళ్లీ వెతకగలరా అని పాథాలజిస్టును అడగండి. తీసిన భాగాన్ని ల్యాబ్‌లో కొన్ని వారాలకు మించి ఉంచరు కాబట్టి ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నేను పాథాలజీ ల్యాబ్‌లో గ్రాసింగ్ (తీసిన భాగాన్ని కంటితో చూసి, కోసి, పరీక్షకు ముక్కలు ఎంచడం) నేర్చుకుంటున్నాను. జీర్ణాశయం స్పెసిమెన్లలో (ఆపరేషన్‌లో తీసి పంపిన భాగాల్లో) నాకు పది, పన్నెండుకు మించి గ్రంథులు దొరకడం లేదు. ఏం మార్చుకోవాలి?

జవాబు: సాధారణంగా ఇబ్బంది తొందరపాటుతోనే వస్తుంది. ఫార్మలిన్ (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) సరిగ్గా పట్టని కొవ్వు మెత్తగా జారుతుంది, గ్రంథి వేలికి తగలదు. కణితి మీదుగా కత్తెర పోకుండా, వీలైతే పెద్ద వంపు వెంట జీర్ణాశయాన్ని తెరిచి, బోర్డు మీద పిన్నులతో పరిచి, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో 24 నుంచి 48 గంటలు ఉంచండి. ద్రవం స్పెసిమెన్‌కు కనీసం పది రెట్లు ఉండాలి. అన్నవాహిక అయితే ముందు చుట్టూ అంచుకు ఇంకు పూయాలి, ఆ తర్వాతే కొవ్వు తీయాలి. ఈ వరుస తప్పితే అంచు సంగతి ఇక తేలదు.

కొవ్వును సుమారు 3 మిల్లీమీటర్ల పలుచని ముక్కలుగా కోసి, ఒక్కోదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. చిన్న వంపు మీదా ఎడమ గ్యాస్ట్రిక్ ధమని మొదట్లోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కంటికి ఆనేవాటితో ఆగిపోకండి, 5 మిల్లీమీటర్లలోపు గ్రంథుల్లోనూ క్యాన్సర్ ఉంటుంది. చిన్నవాటిని కోయకుండా పూర్తిగా క్యాసెట్‌లో (ముక్కలు పెట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో) పెట్టండి, పెద్దవాటిని 2–3 మిల్లీమీటర్ల ముక్కలు చేయండి.

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఒక గ్రంథిని రెండుగా కోసి, ఆ ముక్కల్ని వేరే గ్రంథులతో కలిపి పెడితే మైక్రోస్కోప్ కింద అవి రెండు గ్రంథులవుతాయి. దశ ఎన్1 నుంచి ఎన్2కు దాటడానికి ఆ ఒక్కటి చాలు. కోసినదాన్ని విడి క్యాసెట్‌లో పెట్టండి, లేదా ఒక్కో గ్రంథికీ ఒక్కో రంగు ఇంకు పూసి బ్లాకుల (ముక్కల్ని మైనంలో పోసిన దిమ్మెల) పట్టికలో రాయండి. ఒకే క్యాసెట్‌లో చిన్నవి మరీ ఎక్కువ పెట్టినా నష్టమే. అన్నీ ఒకే మట్టంలో కూర్చోవు, కొన్ని కోతలోకి రానే రావు.

ఇంతా చేసి 16 రాకపోతే కొవ్వు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. రక్తనాళాల చుట్టూ మిగిలిన కొవ్వును కూడా బ్లాకులకు ఇవ్వొచ్చు. కొవ్వును కరిగించే ద్రావణాలున్నాయి. తాజా స్పెసిమెన్ అందితే ధమనిలోకి మిథిలీన్ బ్లూ ఎక్కించడం మరో పద్ధతి, గ్రంథులు నీలంగా తేలి కనిపిస్తాయి. అన్నిటికన్నా మేలైనది సర్జన్ థియేటర్‌లోనే గ్రంథుల్ని స్థానాల వారీగా విడదీసి, పేరు రాసిన డబ్బాల్లో పంపడం. బృహద్ధమని పక్కన ఉన్న గ్రంథుల్లో క్యాన్సర్ ఉంటే అది దూరవ్యాప్తి, అంటే ఎం1. ఆ డబ్బా మీద పేరు లేకపోతే అది మామూలు ‘ఎన్’ లెక్కలో కలిసిపోతుంది.

ఇంకొకటి: జీర్ణాశయం పక్క కొవ్వులో గ్రంథి ఆనవాలు లేకుండా విడిగా కణితి ముద్ద కనిపిస్తే, దాన్నీ క్యాన్సర్ ఉన్న గ్రంథిగానే లెక్కిస్తారు.

ప్రశ్న: ఫ్లాట్ కీమో (నాలుగు మందుల కలయిక) నాలుగు విడతల తర్వాత మా అమ్మకు ఆపరేషన్ అయింది. రిపోర్టులో ‘వైపీఎన్1, 2/24’ అనీ, మరో నాలుగు గ్రంథుల్లో మచ్చ కణజాలం ఉందనీ రాశారు. ఆ నాలుగూ లెక్కలోకి రావా?

జవాబు: రావు. ముందున్న ‘వై’ అంటే చికిత్స తర్వాత వేసిన దశ అని. బతికున్న క్యాన్సర్ కణాలు లేకుండా మచ్చగానీ, జిగురు మడుగులుగానీ మాత్రమే మిగిలితే ఆ గ్రంథి క్యాన్సర్ లేనిదే. అయినా ఆ వాక్యం విలువైనది. ఆ నాలుగింటిలో ఒకప్పుడు జబ్బు ఉండి, కీమోకు చచ్చిందని చాలావరకు అనుకోవచ్చు. ఫ్లాట్ పద్ధతిలో ఆపరేషన్ తర్వాత మరో నాలుగు విడతలు మామూలే. అదే అన్నవాహిక క్యాన్సర్‌కు ముందు కీమో, రేడియేషన్ రెండూ ఇచ్చి, కణితిని పూర్తిగా తీసినా ఆ తీసినదాంట్లో ఎక్కడైనా జబ్బు మిగిలి కనిపిస్తే, ఒక ఏడాది నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇవ్వడం ఇప్పుడు ఆమోదం పొందిన పద్ధతి.

ప్రశ్న: స్కాన్‌లో గ్రంథులు మామూలుగా ఉన్నాయన్నారు. ఆపరేషన్ తర్వాత ఐదింటిలో క్యాన్సర్ ఉందంటున్నారు. స్కాన్ తప్పా?

జవాబు: కాదు. సీటీ ప్రధానంగా గ్రంథి సైజును, ఆకారాన్ని చూస్తుంది. ఉబ్బని గ్రంథిలో ఉన్న కణాలు దానికి కనిపించవు.

ప్రశ్న: అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట కణితి. ఎనిమిది గ్రంథుల్లో క్యాన్సర్ ఉంది. ఒకరు ఎన్3 అంటున్నారు, ఇంకొకరు ఎన్3ఎ అంటున్నారు.

జవాబు: పట్టికలు రెండు. అన్నవాహిక పట్టికలో 7 ఆపైన అంతా ఎన్3యే, ఎ, బి లేవు. కణితి కలయిక రేఖను తాకుతూ, దాని మధ్యబిందువు జీర్ణాశయంలోకి 2 సెంటీమీటర్ల లోపే ఉంటే అన్నవాహిక పట్టిక వాడతారు. అంతకు మించి కిందికి ఉంటే జీర్ణాశయం పట్టిక. ఆ దూరం రిపోర్టులో రాసి ఉండాలి. లేకపోతే పాథాలజిస్టును అడిగి రాయించుకోండి.